పీరా తొట్టి, రజియా ఇంజెక్టరు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది వేసవిలో నన్ను కర్నూలు యూనిట్‌కు డిజైన్ విభాగాధిపతిగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. అంతకు ముందంతా హైదరాబాదులో ఇంజిన్ భాగాల డ్రాయింగులు గీస్తూ, ఇతరులు గీసినవి దిద్దుతూ గడిపాను. "మీ సొంత ఊరికే పంపుతున్నాం మేడమ్, సంతోషమేగా?" అని మా డైరెక్టరు అడిగాడు. మాది పులివెందుల దగ్గర పల్లె అనీ, కర్నూలుకూ దానికీ మధ్య ఒక జిల్లా ఉందనీ చెప్పాను. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకు తుంగభద్ర దాటితే అంతా ఒకటే ఊరు.

మా సంస్థ చిన్నది. పైలట్ లేకుండా ఎగిరే విమానాలకు చిన్న టర్బైన్ ఇంజిన్లు తయారు చేసేది. ఆ ఇంజిన్లకు ఇంజెక్టర్లు చేయడం కర్నూలు యూనిట్ పని. ఇంజెక్టరంటే ఇంధనాన్ని మండే గదిలోకి జల్లే ముక్క. బొటనవేలంత ఉంటుంది. ఇంధనాన్ని ధారగా పోస్తే సరిగా మండదు. సన్నటి తుంపరగా, తెరిచిన గొడుగు ఆకారంలో, అన్ని వైపులా సమంగా పడాలి. అందుకోసం ఇంజెక్టరు లోపల వెంట్రుకకు కాస్త పెద్దన్న లాంటి కాలువలు పెట్టి, వాటి గుండా ఇంధనాన్ని పక్కవాటుగా పంపి గిర్రున తిప్పుతాం. అలా తిరుగుతూ వచ్చింది మూతి దగ్గర గొడుగులా విచ్చుకుంటుంది. ఒక్క కాలువ మూసుకుపోయినా గొడుగు ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంధనం ఎక్కువ పడిన వైపు మంట ముదిరి, మండే గది గోడకు చిల్లు పడుతుంది.

పాత పద్ధతిలో ఈ బొటనవేలంత ముక్కను ఇంకా చిన్న ముక్కలుగా కోసి, రంధ్రాలు తొలిచి, ఒకదానిలో ఒకటి కూర్చి, కొలిమిలో అతికించేవాళ్ళం. అతుకు ఉన్న ప్రతిచోటా కారుతుందేమోనన్న భయం ఉండేది. కర్నూలులో మాకు లోహపు త్రీడీ ప్రింటింగ్ యంత్రం వచ్చాక ఆ అతుకుల గొడవ పోయింది. పిండి కంటే మెత్తటి నికెల్ మిశ్రమ లోహపు పౌడర్‌ను ఒక ప్లేటు మీద పలుచగా పరుస్తారు. లేజరు గీసినచోట అది కరిగి గట్టిపడుతుంది. దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. అన్ని పొరలూ అయ్యాక, పౌడర్ గుట్టను పక్కకు తోసి, నేలలోంచి శనక్కాయలు పీకినట్టు ఇంజెక్టర్లు తీస్తారు. ఒక్కో ప్లేటు మీద ఒకే రకం ముక్కలు గుంపుగా పుడతాయి, అచ్చం కవలల్లా. చిక్కు ఎక్కడంటే, లోపలి కాలువల్లో కరగని పౌడర్ మిగిలిపోతుంది. ముక్కను వణికించి, గాలితో ఊది, దాన్ని రాల్చాలి.

ఆ ఇంజెక్టరు డిజైన్ మొత్తం రజియాది. కోయిలకుంట్ల అమ్మాయి, తండ్రికి అక్కడ బట్టల కొట్టు. హోదా సీనియర్ డిజైన్ ఇంజినీరు, యూనిట్‌లో నా తర్వాతి స్థానం ఆమెదే. నేను కళ్ళద్దాలు సవరించుకునేలోపు ఆమె వాదన సగం పూర్తయ్యేది. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే పెద్దగా నవ్వేసి ఒప్పుకునేది, ఒప్పుకోనవసరం లేనప్పుడు మాత్రం మొండికేసేది. ఆ మొండితనం నాకు నచ్చేది. ఆమెకు చెప్పలేదనుకోండి, చెబితే ఇంకా పెరుగుతుందని.

పరీక్షల షెడ్డు డోన్ అవతల ఉండేది. ఒకప్పుడు బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ అది. ఆవరణంతా నల్ల కడప బండలు పరిచి ఉండేవి. దాని బాధ్యత టెస్ట్ టెక్నీషియన్ హుస్సేన్ పీరాది. డోన్ మనిషే, యాభై దాటినవాడు, పరీక్ష బల్లను సొంత ఇంటికన్నా శుభ్రంగా చూసుకునేవాడు. ఇంజెక్టరును మంట దగ్గరికి పంపే ముందు నీటి పరీక్ష చేయాలి. ఇంధనానికి బదులు నీళ్ళను అదే ఒత్తిడితో పంపి, గొడుగు ఎలా విచ్చుకుంటుందో చూస్తాం. కింద చక్రంలా అరలు చేసిన పళ్ళెం ఉంటుంది. అన్ని అరల్లోనూ నీళ్ళు సమంగా పడితే ఇంజెక్టరు మంచిది.

ఆ నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. పళ్ళెంలో పడిన నీళ్ళు ఒక గొట్టం గుండా తిరిగి తొట్టిలోకే పోయేవి. అలా చేయమని ఎవరూ ఆదేశించలేదు. పరీక్ష విధానపత్రంలో ఆ మాట లేదు, వద్దన్న మాట కూడా లేదు. షెడ్డు మొదలుపెట్టిన రోజు పీరా ఆ గొట్టం బిగించాడు, చూసిన వాళ్ళందరం మెచ్చుకున్నాం. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకూ, స్నానం నీళ్ళు పెరట్లో బెండ మొక్కలకూ పోసే ఇళ్ళలో పెరిగినవాళ్ళం అందరమూ. మంచి నీళ్ళు ఒక్కసారి ఇనుము మీద చల్లి నేలపాలు చేయడమనే ఆలోచన మా ఎవరి బుర్రలోకీ రాలేదు. వేసవిలో తొట్టి నీళ్ళు ఎండకు ఆవిరై తగ్గిపోతే, పీరా ట్యాంకరు నీళ్ళతో పైపైన నింపేవాడు. దాంట్లోని ఉప్పు మాత్రం ఆవిరి కాదు కదా, అది అడుగున చేరుతూనే ఉండేది. ఇడ్లీ పాత్ర అడుగున తెల్లగా పేరుకున్నట్టు తొట్టి గోడల మీదా ఒక పొర కట్టింది. అది చూసి కూడా ఎవరికీ ఏమీ తోచలేదు. మా ఇళ్ళలో ప్రతి పాత్రకూ ఆ పొర ఉంటుంది.

రజియా మొదటి డిజైన్ నీటి పరీక్షలో బాగా నెగ్గింది. దాన్ని ఇంకా మెరుగు చేసి రెండోది ప్రింట్ చేయించింది. అది కాస్త ఒరిగింది. కాలువల వంపు మార్చి మూడోది చేసింది. అది నీళ్ళు వదిలిన కాసేపు గొడుగులా నిలబడి, తర్వాత ఒక పక్కకు వాలిపోయింది. అరల పళ్ళెంలో ఒక వైపు నిండుగా, ఇంకో వైపు దాదాపు పొడిగా ఉండేది. పరీక్షకు ముందు తీసిన స్కాన్ చూస్తే కాలువలన్నీ డ్రాయింగు ప్రకారం చక్కగా ఉన్నాయి. డ్రాయింగు సరిగ్గా ఉండి, ముక్క సరిగ్గా ఉండి, జల్లు మాత్రం వంకరగా పడుతుంటే డిజైనరు ఎవరితో పోట్లాడాలి? రజియాకు నిద్ర తగ్గింది, నవ్వు కూడా తగ్గింది.

ఈలోపు ఇంజిన్ కొనాల్సిన సంస్థకు ఓపిక అయిపోయింది. తమ సమీక్షకుడిని పంపుతున్నామనీ, ఆయన ముందు నీటి పరీక్ష నెగ్గకపోతే పాత అతుకుల ఇంజెక్టరే వాడుకుంటామనీ కబురు వచ్చింది. మా హెడ్డాఫీసు దానికి ఇంకో ముక్క చేర్చింది. అప్పుడు ప్రింటింగ్ యంత్రాన్ని పుణెకు తరలిస్తారు, కర్నూలు యూనిట్‌లో డ్రాయింగుల దిద్దుబాటు పని మాత్రం మిగులుతుంది. రజియా ఆ మెయిలు నా గదిలోనే నిలబడి చదివింది.

"అంటే నా ఇంజెక్టరు ఇంగ లేదు, నేను మాత్రం ఈడ్నే కూర్చోని వేరేవాళ్ళ డ్రాయింగులు దిద్దుకుంటా ఉండాలన్నమాట. నేను తప్పు చేసుంటే ఒప్పుకుంటా మేడమ్. తప్పు యాడుండాదో చూపిచ్చండి చాలు" అంది. నాకు ఆ అమ్మాయి మీద జాలి, ఆ తప్పు కనిపెట్టలేని నా మీద నాకు కోపం ఒకేసారి వచ్చాయి. మూడో డిజైన్ ప్లేటు మీద పుట్టిన కవలల్లో ఒకదాన్ని ఇంకా పరీక్షించకుండా కవరులో సీలు చేసి ఉంచాం. సమీక్షకుడి ముందు దాన్నే పెట్టాలని నిర్ణయించాం.

వచ్చినాయన పేరు మూర్తి. అమలాపురం వైపు మనిషి. మాట మెత్తన, పని గట్టి. విధానపత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వచ్చాడు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, అయినా వదలకుండా తిన్నాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పి, సబ్బు రుద్దుకుంటూ, మాతో మాట్లాడుతూ, ఆ కుళాయిని అలాగే పారనిచ్చాడు. మేమందరం ఆయన మాటలు వినడం మానేసి కుళాయి కేసి చూస్తూ నిలబడ్డాం. పీరా ముందుకెళ్ళి, "మీరు రుద్దుకోండి సార్" అని వినయంగా కుళాయి కట్టేశాడు.

పరీక్ష మొదలుపెట్టే ముందు మూర్తి గారు తొట్టి మూత ఎత్తి చూశాడు. "ఏవండీ, ఈ నీళ్ళెప్పుడు మార్చారండీ?" అని అడిగాడు. పోయిన బేస్తవారమే పోసినాం సార్ అన్నాడు పీరా. పోసింది నిజమే, పైపైన. మూర్తి గారు తలాడించాడు. మేం టీకి అవతలికి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి ఆయన తన చేతులతో తొట్టి అడుగు వాల్వు తిప్పేసి, పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తొట్టెడు నీళ్ళూ కడప బండల మీద వరద కడుతున్నాయి.

పీరా చేతిలో టీ గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. చేతికందిన బకెట్టు ఒకటి వాల్వు కింద పెట్టి, నిండేలోపు ఇంకోటి కోసం వెతుకుతూ, "ఏం పని చేసినారు సార్! ఎన్ని నీళ్ళు! దాంతో ఇంగా నెలంతా నడిపిచ్చుండేవాన్ని!" అని గోలపెట్టాడు.

"నెలంతానా! అదేంటండీ బాబూ, పరీక్షకండీ ఇది. పరీక్షకు శుభ్రమైన నీళ్ళు వాడాలని మీ పత్రంలోనే ఉందండీ" అన్నాడు మూర్తి గారు, ఆయనకూ కోపం వచ్చింది.

"శుభ్రంగానే ఉండాయి సార్, రోజూ చూస్తానే ఉండా!"

నేను పెద్దదాన్ని, విభాగాధిపతిని, సర్దిచెప్పాల్సిన మనిషిని. సర్దిచెప్పకుండా పీరా పక్షం చేరాను. మీ వైపు కాలువలు ఇంటి ముందు పారుతాయి కాబట్టి మీకు తెలియదు గానీ, ఇక్కడ ట్యాంకరు పిలిస్తే వెంటనే రాదని చెప్పాను. చెప్పిన గొంతు సమీక్షకుడితో మాట్లాడాల్సిన గొంతు కాదు. రజియా నా కొంగు పట్టి వెనక్కి లాగింది. "మేడమ్, రిపోర్టు రాసేది ఆయన" అని గొణిగింది. ఆయనా నేనూ చెరో కుర్చీ చెరో వైపుకు తిప్పుకుని, ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. బజ్జీల ఘాటు తగ్గక ఆయన మాటిమాటికీ సీసా ఎత్తుతుంటే, పీరా నా దగ్గరికొచ్చి, "పారబోసింది చాలక తాగుతాండాడు చూడండి" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ట్యాంకరు వచ్చింది. పీరా తొట్టి కడిగి, గొట్టాలు కడిగి, కొత్త నీళ్ళు నింపాడు. రజియా సీలు చించి కవల ఇంజెక్టరును బిగించింది. పంపు మొదలైంది. గొడుగు విచ్చుకుంది. వాలిపోతుందని అందరం ఎదురుచూశాం. వాలలేదు. పరీక్ష అయ్యేదాకా నిటారుగా, గుండ్రంగా నిలబడింది. అరల పళ్ళెంలో నీళ్ళు అన్ని వైపులా సమంగా ఉన్నాయి.

రజియా గంతు వేసింది. మూర్తి గారు కలం తీశాడు. నాకు మాత్రం సంతోషంతో పాటు అనుమానమూ పుట్టింది. ఇదే ప్లేటు మీద, ఇదే గంటల్లో పుట్టిన ముక్క కిందటివారం ఒరిగింది. ఇది ఒరగలేదు. డిజైన్ అదే, పౌడర్ అదే, పీరా అతనే. మారింది నీళ్ళొక్కటే. పాత ముక్కను మళ్ళీ బిగించమన్నాను. కొత్త నీళ్ళతో కూడా అది ఒరిగే ఉంది. అంటే దాని లోపల ఏదో ఇరుక్కుని గట్టిపడింది.

అప్పుడు రజియా ఆవరణలోకి చూసి నన్ను పిలిచింది. పొద్దున పారిన నీళ్ళు ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి. అవి పారిన దారంతా నల్లబండల మీద బూడిదరంగు మరక మిగిలింది, ఎండలో అక్కడక్కడా తళుక్కుమంటోంది. రజియా మోకాళ్ళ మీద కూర్చుని వేలితో తుడిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తెల్లటి ఉప్పు పెళ్ళల మధ్య చిన్న చిన్న గుండ్రటి పూసలు కనిపించాయి. ఇసుక ఎప్పుడూ అంత గుండ్రంగా ఉండదు. అది మా పౌడరే.

అందరికీ విషయం ఒకేసారి అర్థమైంది. పరీక్షించిన ప్రతి ఇంజెక్టరు నుంచీ మేం రాల్చకుండా వదిలేసిన పౌడర్ కొంచెం కొంచెం నీళ్ళలో కలుస్తూ వచ్చింది. ఆ నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి, తొట్టిలోంచి మళ్ళీ కొత్త ఇంజెక్టరులోకి. దారిలో ఉన్న వడపోత ఇసుకను ఆపడానికి పెట్టింది, ఈ పౌడర్ దానిలోంచి హాయిగా జారిపోయింది. ఆ పౌడర్ సన్నటి కాలువల్లో ఇరుక్కుంటే, ముదిరిన ఉప్పునీళ్ళు ఆరి దానికి సిమెంటు పని చేశాయి. మొదటి డిజైన్‌కు తొట్టి కొత్తది కాబట్టి అది నెగ్గింది. తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి మంచివైనా, వాటి వంతుకు నీళ్ళు ఇంకా ఇంకా చిక్కబడ్డాయి. మేం ఆ నీళ్ళను వదిలేసి, మంచి డిజైన్‌ను చెక్కుతూ కూర్చున్నాం.

పీరా మరక దగ్గరికొచ్చి వంగి చూసి, "ఇదంతా మన తొట్లోదేనా అప్పా!" అన్నాడు. మూర్తి గారు ఏదో గెలిచినట్టు మాట్లాడలేదు, అది ఆయన మంచితనం. పైగా, "నాకూ తెలీదండీ. చూట్టానికి బాలేదని పారబోశానంతే" అన్నాడు. నేను పొద్దుటి గొంతుకు క్షమాపణ అడిగాను. ఆయన నవ్వి, ఉగ్గాని ఇంకో ప్లేటు దొరుకుతుందా అని అడిగాడు.

కానీ ఆ సాయంత్రం ఆయన సంతకం పెట్టలేదు. నీటి పరీక్ష నెగ్గిన మాట రాస్తాననీ, అయితే నీళ్ళలోకి రాలిన పౌడర్ రేపు ఇంజిన్‌లోకి రాలదని నమ్మకమేమిటో చూపమనీ అన్నాడు. తర్వాత మంట పరీక్షకు వస్తానన్నాడు. అడిగింది న్యాయం. రజియా ముఖం మళ్ళీ చిన్నబోతుందని భయపడ్డాను గానీ, అప్పటికే ఆమె నవ్వుతూ కాగితం మీద గీస్తోంది. "ఇప్పుడు తప్పు యాడుండాదో తెలిసింది కదా మేడమ్" అంది.

తప్పు కాలువల చివర ఉంది. అక్కడ ఒక మూల దారి మూసుకుపోయిన సందులా ఉండి, స్కాన్‌కు కూడా దొరకనంత కొంచెంగా పౌడర్ అందులో కూరుకునేది. ఎంత ఊదినా గాలి లోపలికి పోయి అదే దారిన తిరిగొచ్చేది. రజియా ఆ సందును తీసేసి కాలువ చివరను గుండ్రం చేసింది. పౌడర్ బయటికి పోవడానికి వేరే దారి పెట్టి, శుభ్రం చేశాక దాన్ని మూసే ఏర్పాటు చేసింది. ప్లేటు మీద ముక్కను నిలబెట్టే కోణం కూడా మార్చింది. నేను శుభ్రపరిచే విధానాన్ని మొత్తం తిరగరాశాను. పౌడర్‌ను ఆపే సన్నటి వడపోత వచ్చింది. ఇకపై ప్రతి పరీక్షకూ కొత్త నీళ్ళే వాడాలని తీర్మానించాం. పీరా దానికి ఒక షరతు పెట్టాడు. వాడిన నీళ్ళను వడగట్టి మరుగుదొడ్ల తొట్టికి పంపుతాడు, అంతేగానీ బండల మీద పారబోయడు. దీనికి మూర్తి సార్ అనుమతి కూడా తీసుకోండి మేడమ్ అన్నాడు, సీరియస్‌గానే.

మంట పరీక్ష రోజున మూర్తి గారు మళ్ళీ వచ్చాడు. ఇసుక బస్తాల వెనక గదిలో అందరం తెర ముందు కూర్చున్నాం. మండే గది చుట్టూ వేడిని కొలిచే తీగలు అమర్చి ఉంటాయి. ఒక వైపు అంకె మిగతావాటిని దాటి పోతే, గొడుగు ఒరిగిందని అర్థం. ఇంజిన్ అంటుకుంది. అంకెలన్నీ కలిసి పెరిగాయి, కలిసి ఆగాయి, చివరిదాకా ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. ఇంజిన్ చల్లారాక ఇంజెక్టరు తీసి కోసి చూశాం. లోపల ఒక్క పూస లేదు. మూర్తి గారు అక్కడే, ఆ బల్ల మీదే సంతకం పెట్టాడు. రజియా ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేను కూడా ఏడ్చాననీ, అది పొగ వల్ల కాదనీ ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మూర్తి గారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తడి చేసుకుని కుళాయి కట్టాడు, సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పాడు, కడుక్కుని మళ్ళీ కట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి పీరాను చూశాడు. "సార్‌కు మన నీళ్ళు పడినాయి" అన్నాడు పీరా.

ప్రింటింగ్ యంత్రం పుణె పోలేదు. రిటైరయ్యే ముందు యూనిట్ నియమాలకు నేను ఒకటి కలిపాను. ప్రతి డిజైన్ సమీక్షలో ఈ జిల్లాల్లో పెరగని మనిషి ఒక్కరైనా ఉండాలి. ప్రయాణ ఖర్చు దేనికని హెడ్డాఫీసు కారణం అడిగితే, "నీళ్ళు" అని ఒక్క మాట రాసి పంపాను. మరి అడగలేదు. డ్రాయింగులో తప్పును దిద్దడం చదువుకుంటే వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న అలవాటులోని తప్పు ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకు కనిపించదు, ఎంత తెలివైనవాళ్ళకైనా. దాన్ని చూడటానికి మనతో పోట్లాడే మనిషి ఒకరు బయటి నుంచి రావాలి. ఇది నేను నా ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ విభాగానికి రజియా అధిపతి. నా నియమాలు చాలావరకు మార్చేసింది, ఈ ఒక్కటి మాత్రం ఉంచింది. బయటి మనిషి వస్తాడని తెలిసిన రోజు పీరా పొద్దున్నే తొట్టిలో మిగిలిన నీళ్ళు కూడా మరుగుదొడ్లకు పంపి, ఖాళీ చేసి పెడతాడు. వాల్వు తిప్పే ముందు నాకు ఫోన్ చేస్తాడు. "నీళ్ళు పంపిస్తాండా మేడమ్" అంటాడు. పంపించు పీరా అంటాను.